మూడో పాటలో రెండో చరణం

మా స్టూడియోలో తయారైన మెట్ల పాటల క్యాసెట్టులో, మూడో పాటలో రెండో చరణం పాడింది నేను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో "ఎండ ఎక్కువ" అని మాత్రమే ఉంది.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు. అలిపిరికి పోయే దారిలో ఒక మేడ మీది గది. గోడలకు బొంతలు వేలాడదీసి ఉండేవి. టేపు తిరుగుతుంటే మిషను చూపించే అంకెల్లో ఏ పాట, ఏ చరణం ఏ అంకె దగ్గర మొదలైందో నోటుబుక్కులో రాయడం, క్యాసెట్ల మీద పేర్లు రాయడం నా పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు కాబట్టే ఒప్పుకున్నాను. పని లేనప్పుడు లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని.

రికార్డు చేసే సారుది చిత్తూరు. ఆయనకు ఎకో అంటే మంట. ఎవరైనా పెట్టమని అడిగితే, "తిరపతిలో ఏ క్యాసెట్టు పెట్టినా బావిలోనించి పాడినట్లే ఉండాది. సామి ఉండేది కొండమీద గదా, బావిలోనా?" అనేవారు. టేపు కత్తిరించి అతకడం ఆయనకు బాగా వచ్చు. అయినా పాడేవాళ్ల ఊపిరిని, దగ్గును ముట్టుకునేవారు కాదు. "మిషను విన్నది విన్నట్లు చెప్పాల. మనం దానికి అబద్ధం నేర్పించకూడదు పాపా" అని నాతో చాలాసార్లు అన్నారు.

ఒకరోజు పలమనేరు దగ్గర పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ కొండెక్కే ఆడవాళ్ల పాటలు ఆమెకు వచ్చు. వంగి బొట్టు పెట్టి లేస్తూ పాడే పాటలు కాబట్టి ప్రతి చరణం మధ్యలో ఒక ఊపిరి పడుతుంది. కూర్చుని పాడినా అవ్వకు ఆ ఊపిరి అక్కడే పడేది.

చప్పుడవుతుందని సారు ఫ్యాను ఆపేశారు.

"పాట అయ్యేలోగా ఉడికిపోతా గదప్పా," అంది అవ్వ.

"ఉడికినా రాగం చెడదులే అవ్వా, పాడు."

మరుసటి రోజు సారు భోజనానికి వెళ్లినప్పుడు, మూడో పాటలో, అప్పటికే నాకు నోటికి వచ్చేసిన రెండో చరణం మళ్లీ వినాలనిపించి టేపు వెనక్కి తిప్పాను. ప్లే నొక్కబోయిన వేళ్లు పక్కనున్న ఎర్ర బొత్తాన్ని కూడా నొక్కాయి. మా మిషనులో ఆ రెండూ కలిపి నొక్కితే రికార్డు అవుతుంది. పాట వినపడలేదు. శబ్దం తగ్గిందేమోనని వాల్యూము పెంచుతూ కూర్చున్నాను. తెలిసేసరికి చరణమంతా చెరిగిపోయింది.

చెప్పి ఉంటే సరిపోయేది. అవ్వ వారంలో మళ్లీ వస్తానంది, ఇంకోసారి పాడేది. సారు నాలుగు మాటలని ఊరుకునేవారు. కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నోటుబుక్కులో అంకె చూసుకుని, తలుపు వేసి, మైకు ముందు కూర్చుని నేనే పాడాను. నలుగురిలో ఎన్నడూ నోరు విప్పనిదాన్ని. గొంతు బరువుగా రావాలని గడ్డం కిందికి దించుకున్నాను. ఊపిరి కూడా అవ్వ తీసినచోటే తీశాను.

సాయంత్రం సారు టేపు మొత్తం విన్నారు. ఆ చరణం దగ్గర ఆపారు.

"ఈడ గొంతు కొంచెం పొడిబారినట్లుండాది."

నేను నోటుబుక్కులో రాసిన అంకెనే మళ్లీ దిద్దాను.

"ఉండనీలే. మనిషన్నాక గొంతు పొడిబారదా?" అని ముందుకు పోనిచ్చారు.

వారం తర్వాత అవ్వ వచ్చి వినడానికి కూర్చుంది. మొదటి రెండు పాటలకూ తొడ మీద తాళం వేసింది. మూడో పాటలో ఆమె చెయ్యి ఆగింది.

"ఇది నేను గాదు నాయనా."

"నువ్వే అవ్వా."

"గాదంటాండానా. నా గొంతు నాకు తెల్దా?"

సారు నవ్వారు. "మనిషి మరిసిపోతాడు గానీ టేపు మరిసిపోదవ్వా. నేను ఒకటి కలిపింది లేదు, ఒకటి తీసింది లేదు. కావాలంటే ఈ పాపను అడుగు."

అవ్వ నా వైపు చూసింది. నేను అవునన్నట్లు తల ఊపాను. నోటితో చెప్పాల్సిన పని కూడా పడలేదు.

మిగిలిన పాటలు ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వింది. సారు బస్టాండు దాకా తోడు వెళ్లమన్నారు. దారిలో రెండుసార్లు "అవ్వా" అన్నాను. "ఏం మే?" అంది. నీళ్లు తాగుతావా అని అడిగాను, రెండుసార్లూ అదే.

పలమనేరు బస్సు వచ్చింది. అవ్వ కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేముందు నాతో అంది:

"నా గొంతు నాకే ఆనవాలు తెలీకుండా పోయినాక ఇంకేం పాడేది మే. ఇంతటితో సాలు."