రెండు పిగిలిపిట్టలు

ఈ వేసవిలో అనకాపల్లి సంతలో ముగ్గిన జీడిమామిడి పళ్ళ వాసన తగలగానే, రోలుగుంట అవతల కొండ దిగువన, చిన్నప్పుడు సెలవులకి వెళ్ళే మా మేనత్త ఇల్లు, పెరట్లో రాలిన పళ్ళు, ఆ రసపు మరకలు పడిన మా గౌన్లు, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తాగిన పులిసిన తరవాణి గంజి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

మాది చెరకు పండే ఊరు. మా ఊళ్ళో పిగిలిపిట్టంటే నల్లతల, తోక కింద ఎర్రమచ్చ. అత్త కూతురు గౌరి వదిన మాత్రం, పిగిలికి కొమ్ములా నిలబడ్డ జుట్టు, తెల్లని గొంతు, బుగ్గ మీద ఎర్రబొట్టు ఉంటాయనేది. నేను నమ్మలేదు. తీరా ఆ పెరట్లో రెండూ ఉన్నాయి. గోరింట కంచెలో నల్లతలది, నిమ్మచెట్టులో ఎర్రబుగ్గది గూళ్ళు కట్టుకున్నాయి. రెండూ ఆ జీడిమామిడి పళ్ళే పొడుచుకు తినేవి.

ఒకరోజు ఆ రెంటి మధ్య ఈకలు సరిగా రాని పిల్ల ఒకటి నేల మీద కనబడింది. దానికి జుట్టూ లేదు, బుగ్గ మీద బొట్టూ లేదు.

"ఇది మాదే, నల్లతలది" అన్నాను.

"ఏటే మీది? సిన్నప్పుడు బొట్టుండదు" అంది వదిన.

కంచె పక్కన పిల్లి పొంచి ఉంది. తప్పు గూట్లో పెడితే పిల్ల బతుకుతుందో లేదో మాకు తెలియదు. ఇద్దరం ఏడుపుముఖాలతో అత్త దగ్గరికి పరిగెత్తాం. అత్త పిల్లిని తరిమి, పిల్లను చిన్న బుట్టలో పెట్టి కొమ్మకు తగిలించింది.

"ఎవుల పిల్లకి ఆళ్ళే మేత తెత్తారు. దూరంగా కూకుని సూడండి."

అరుగు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ముందు నల్లతలది వచ్చింది. బుట్టకేసి మెడ వంచి చూసి, నోట్లో పురుగుతోనే గోరింటలోకి దూరిపోయింది. కాసేపటికి ఎర్రబుగ్గది వచ్చి వాలింది. బుట్టలోంచి గులాబిరంగు నోరు తెరుచుకుంది.

వదిన నన్ను వెక్కిరిస్తుందనుకున్నాను. వెక్కిరించలేదు.

"నీ సేతులు సిన్నవి. గూట్లో నువ్వెట్టు" అంది.

నా అరచేతిలో ఆ వెచ్చదనం, దాని గుండె దడదడ. నిమ్మముళ్ళు గీరుకున్నా నొప్పి తెలియలేదు. నాలుగు రోజుల తరవాత చూస్తే గూడు ఖాళీ. పిల్లలు అక్కడే కొమ్మల మీద రెక్కలు కొట్టుకుంటున్నాయి.

ఇప్పుడు ఆ పెరడు లేదు. కంచె తీసి గోడ కట్టారు, నిమ్మచెట్టు కొట్టేశారు. అక్కడే ఉంటున్న వదిన మొన్న ఫోన్‌లో చెప్పింది, నల్లతలవి కరెంటు తీగల మీద ఇంకా కూస్తున్నాయట. ఎర్రబుగ్గవి వినాలంటే కొండెక్కాలట. ఒకే పండు తిని, ఒకే పెరట్లో పెరిగిన రెంటిలో ఒకటి ఎలా ఉండిపోయిందో, రెండోది ఎందుకు వెళ్ళిపోయిందో, మా ఇద్దరికీ తెలియదు.