అగ్గిపుల్లల మనిషి నడిచిన రోజు

నా చిన్నప్పుడు, మేము పుంగనూరులో ఉండగా, మా నాయనకు ఛాతీ జబ్బు చేసింది. మదనపల్లెలో ఆసుపత్రిలో రెండు నెలలు ఉంచుకుని, ఇంక భయం లేదు, పిల్లలు దగ్గరికి పోవచ్చు అని చెప్పి ఇంటికి పంపించారు. ఆయనతో పాటు ఒక నల్లటి ఎక్స్‌రే కూడా వచ్చింది. అమ్మ దాన్ని కిటికీకి ఎత్తిపట్టి చూస్తుంటే నేనూ చూశాను. అందులో నాయన లేడు, ఎముకలే ఉన్నాయి.

అంతకు ముందు వారమే పక్కింటి టీవీలో పాత ఇంగ్లీషు సాహసాల సినిమా ఒకటి చూశాను. అందులో ఎముకల గూళ్లు కత్తులు పట్టుకుని మనుషులను తరుముతాయి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాయన లోపల ఉండేదీ అదే, ఏదో ఒకరోజు ఆయన్ను వదిలేసి బయటికి వస్తుంది అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది వింటుందని భయం.

నాయన నీళ్లు అడిగితే చెంబు గడప దగ్గరే పెట్టి పారిపోయేదాన్ని. ఆయనే లేచి, గోడ పట్టుకుని వచ్చి తీసుకునేవాడు. జబ్బు అంటుకుంటుందని మా చుట్టాలు కొందరు అప్పటికే రావడం మానేశారు. నేనూ అందుకే దగ్గరికి రావడం లేదని ఆయన అనుకుంటున్నట్టు నాకు తెలియదు.

పక్కింటి సాయిబుల మామ పెండ్లిండ్లకు వీడియో తీసేవాడు. ఒక ఆదివారం పొద్దున ఆయన నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"నాయనంటే యాలమ్మా భయపడతాండావు? నా బిడ్డ కూడా నన్ను ముట్టుకోదప్పా అని మీ నాయన నిన్న నా దగ్గర ఏడ్సినాడు."

నేనూ ఏడుస్తూనే అంతా చెప్పేశాను.

మామ నవ్వలేదు. అగ్గిపుల్లలు, అత్త చపాతీలకు కలిపిన పిండి తెచ్చి ఒక ఎముకల మనిషిని చేశాడు. కెమెరాను స్టాండు మీద పెట్టి, బటన్ నొక్కి వెంటనే ఆపాడు. బొమ్మ కాలు కొంచెం జరిపాడు. మళ్లీ నొక్కాడు, ఆపాడు. తర్వాత జరిపే పని నాకిచ్చాడు. దాన్ని ముట్టుకోలేక మొదట చిటికెన వేలి గోటితో తోశాను. గింజంత జరిపితే చాలని, చెయ్యి తీశాక చెప్పమని అంటూ మధ్యాహ్నం దాకా ఓపిగ్గా కూర్చున్నాడు. పిండి ఎండి మోకాలు రెండుసార్లు ఊడింది. అన్నానికి పిలిచి పిలిచి విసిగిన అత్త, "ఆ బొమ్మకి కూడా పెండ్లి సేస్తాండారా?" అని కసిరింది.

టీవీలో వేసి చూస్తే, పొద్దున్నుంచి పడ్డ పాటంతా పట్టుమని పది సెకన్లు లేదు. అగ్గిపుల్లల మనిషి కుంటుకుంటూ నడిచాడు. నేను మామ వెనక్కి జరిగాను. నడుమ ఒకచోట మాత్రం, నేను తీయడం మరిచిన నా చెయ్యి, ఎర్రగాజులతో సహా కనిపించింది.

"సూసినావా? సినిమాలో కూడా ఎవురో ఒకరు ఇట్లే జరపల్ల. దానంతకది లేసి రాదు. మీ నాయన ఎముకలు ఆయన్ను నిలబెట్టేదానికి ఉండాయి, నిన్ను తరిమేదానికి కాదు" అన్నాడు మామ.

భయం పూర్తిగా పోలేదు. అయినా ఇంటికి పోయి, చెంబు పట్టుకుని గడప దాటి మంచం దాకా వెళ్లాను. సగం నీళ్లు ఒలికిపోయాయి. నాయన చెంబుతో పాటు నా చెయ్యి కూడా పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

ఇప్పటికీ నేను ధైర్యస్థురాలిని కాను. కానీ నావాళ్లు ఎవరైనా నాకు దూరంగా మసలితే, కోపం తెచ్చుకునే ముందు, నన్ను చూసి ఎందుకు భయపడుతున్నావని అడుగుతాను. ఆ పొద్దున మామ అడగకపోయి ఉంటే, నాయన ఆ బాధను అలాగే మోస్తూ ఉండేవాడు.