నేను నీలం రంగు వేసిన కయ్య

గ్రామసభ, ఉదయం పదీ ఇరవై. ముత్తుకూరుకు ఏడున్నర కిలోమీటర్లు, సముద్రానికి నాలుగు. ఆ రోజుల్లో ఏ సంగతినైనా ఇలా కొలతలతో మొదలుపెడితే తప్పు దొర్లదని నా నమ్మకం. నాకు ఇరవై మూడేళ్లు. ఉద్యోగంలో చేరి పదకొండు వారాలు. అంగుళానికి మూడువందల ముప్పై అడుగుల లెక్కన గీసిన పాత గ్రామపటాలను కంప్యూటరులోకి ఎక్కించి, ఒకప్పుడు పైరు ఎక్కడ ఉండేదో, నీరు ఎక్కడ ఉండేదో రంగులు వేసి చూపడం నా పని. రోడ్డు కోసం భూమి తీసుకునేవారు ఆ రంగులను బట్టే పరిహారం నిర్ణయించేవారు: ఆకుపచ్చ అయితే రైతుది, నీలం అయితే ప్రభుత్వానిది. పటంలో ఒకచోట చేతిరాతతో ‘పెద్ద కయ్య’ అని ఉంది. నేను కృష్ణా జిల్లావాణ్ణి, నిఘంటువు తెరిచాను (శాస్త్రీయ దృక్పథం గదా!). కయ్య అంటే నేలలోకి చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ అని ఉంది. నీలం వేశాను. ఆ మాటకు రెండో అర్థం కూడా ఇచ్చారు గాని, అప్పటికి భోజనం వేళయింది.

గ్రామసభలో మా అధికారి పరిహారం జాబితా చదివారు: పెద్ద కయ్య సముద్రపు నీరు, పరిహారం లేదు. అక్కడ ముప్పావు ఎకరా వరిపొలం ఉన్నందుకు ఊరంతా ‘ముప్పావన్న’ అని పిలిచే రైతు లేచి నిలబడ్డాడు.

“ఏంది సార్, ముప్పై ఏండ్లుగా నేను నాట్లేసింది సముద్రంలోనా?”

“వలేసి కోసుంటావులే అన్నా!” అని వెనకనుంచి ఎవరో అన్నారు. సభంతా నవ్వింది. ముప్పావన్న నవ్వలేదు.

“కయ్య అంటే సముద్రపు పాయండీ. నిఘంటువులో ఉంది,” అన్నాను.

“మా పక్క కయ్యంటే వరిమడి నాయనా. అట్టయితే నారు తెచ్చిస్తా, నీ పుస్తకంలోనే నాటుకో.”

అతను పాసుపుస్తకం చూపించాడు. నీటిమీద ఇచ్చిన పాసుపుస్తకం చెల్లదన్నారు. ఆ సాయంత్రమే నా తప్పు ఒప్పుకుంటూ పై కార్యాలయానికి ఉత్తరం రాశాను. ‘పటం ప్రకారం అది నీరే’ అని జవాబు వచ్చింది. ఏ పటమని అడిగితే, నా సంతకంతో ఉన్న నీలం పటాన్నే జతచేసి పంపారు. మరో తొమ్మిది ఉత్తరాలు రాశాను.

ఇప్పుడు అక్కడ లారీలు ఆగుతాయి. కంకర పోసి పంటకాలువ పూడ్చేశారు కనుక, వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మొన్న ఉపగ్రహ చిత్రంలో చూశాను, నీటి రంగే. పద్దెనిమిదేళ్లకు నా పటం నిజమైంది. నిఘంటువు చంకలో పెట్టుకుని సభలో నిలబడ్డ ఆ కుర్ర పండితుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, పూర్తిగా రాదు.

ముప్పావన్నకు పోయినవి: డెబ్బై ఐదు సెంట్ల మాగాణి, గట్టుమీది రెండు తాటిచెట్లు, పేరులోని ముప్పావు (ఇప్పుడు ‘సముద్రమన్న’ అంటున్నారు). నేను రాసిన ఉత్తరాలు: పదకొండు. నాకైన ఖర్చు: మౌస్ మీద ఒక్క నొక్కు.