గౌరవ్వ ఏరిన పెట్టలు

గౌరవ్వకు కోపమొస్తే ముందు చెయ్యి లేస్తుంది, నోరు తర్వాత తెరుచుకుంటుంది. మెట్‌పల్లి పక్కన పుట్టిన మనిషి. మస్కట్‌లో, అజైబాలో ఒకరింట్లో పనికి కుదిరిన కొత్తలో అక్కడి వంటవాడు వెనకనుంచి వచ్చి జడ పట్టుకుని గుంజాడు. పరాచికమనుకున్నాడు పాపం. చపాతీ కర్రతో వాడి మోచెయ్యి విరగ్గొట్టి, ఆ కర్రతోనే మిగిలిన చపాతీలు ఒత్తింది. ఆ ఇంటివాళ్లు ఆమెను ఉంచుకోలేక, పంపలేక, రుస్తాఖ్ దగ్గర ఖర్జూరపు తోటలో కోళ్లు పెంచే బావమరిది తారిఖ్‌కు అప్పజెప్పారు. కోళ్ల మధ్యన పడేస్తే ఎవర్ని కొడుతుందిలే అనుకున్నారు.

వాళ్లు ఆ కోళ్లను చూసి ఉండరు.

అవి అసీల్ జాతి పందెంకోళ్లు. తారిఖ్ తాతల నాటి నుంచి ఆ తోటలోనే నడుస్తున్న వరస. ఇనుప చువ్వల్లాంటి కాళ్లు, మనిషి కళ్లలోకి సూటిగా చూసే చూపు. ఒంటిమీద తడి ఆరిందో లేదో పిల్లలకు కొట్లాట మొదలు. నెల దాటితే ఒకదాని నెత్తిన ఒకటెక్కి కళ్లు పొడుచుకుంటాయి. పొద్దున చూస్తే నెత్తి చీరుకుపోయినదొకటి, కన్ను పోయినదొకటి. రక్తం కనబడిందా, మిగతావన్నీ కలిసి పడిపోయినదాన్ని బతికుండగానే పీక్కు తింటాయి. గౌరవ్వ రెక్కలు పట్టి విడదీసి గాయాలకు పసుపు అద్దేది. "వీటికంటె మా ఆడిబిడ్డలే నయం," అనేది.

ఆ సంవత్సరం ఊరకుక్కలు దొడ్లో పడి పెద్ద పెట్టలన్నిటినీ చీల్చేశాయి. ముసలి పుంజూ, మెషీన్లో పొదగేసిన గుడ్లూ దక్కాయి. ఆ గుడ్లు పగిలి వచ్చిన పిల్లల్లో పెట్టలు బతికితేనే ఆ వరస నిలిచేది.

"పెట్టలు బతికితే కోళ్లన్నీ నీ చేతి కిందే. పోయినయా, షెడ్డు మూసేస్తా. నువ్వు మళ్లీ అజైబాకే," అన్నాడు తారిఖ్, వచ్చీరాని హిందీలో.

అజైబా వంటింట్లో ఆ వంటవాడు ఇంకా ఉన్నాడు. మోచెయ్యి వంకరగానే అతుక్కుంది, పగ మాత్రం తిన్నగానే ఉంది.

నెల పిల్లల్ని ఏరే రోజు వచ్చింది. పెట్టలన్నీ ఉండాలి, పుంజుల్లో ఒక్కటి ఉంటే చాలు. మిగతా పుంజులు తారిఖ్ మేనత్త కొడుకు పెంచే డేగకు మేత. మేత, నీళ్లు చూసుకునే పాకిస్తానీ ఇమ్రాన్ పక్కన కూర్చుని సలహాలు మొదలుపెట్టాడు.

"ఇది పుంజే మౌసీ. ఎట్ల కొట్లాడుతుందో చూడు."

"కొట్లాడేదంత పుంజయితే నేను గూడ పుంజునేరా. పక్కకు జరుగు."

ఈ జాతిలో పెట్ట కూడా చంపేదాకా వదలదు. కొట్లాట చూసి ఏరితే కొంప మునుగుతుంది. గౌరవ్వ పిల్లను వెల్లకిలా పట్టుకుని కాలి లావును తన వేళ్లతో తడిమి చూసేది. నెత్తిమీది కండ ఎర్రబడిందా అని చూసేది, ఎర్రబడితే పుంజు. భుజాల మీద ఈకలు ముందే నిండితే పెట్ట, ఇంకా బోడిగా ఉంటే పుంజు. అన్నీ కలిసొస్తేనే గంపలో వేసేది. వేలు పొడిపించుకుంటూ, తిట్టుకుంటూ పెట్టల్ని ఒక గంపలో, పుంజుల్ని ఒక గంపలో వేసి లేచింది.

అప్పుడే తారిఖ్ మేనత్త కొడుకుతో ఫోన్లో అరబ్బీ మాట్లాడుతూ వచ్చాడు. ఫ్యాన్ల రొద, పిల్లల అరుపులు. పెట్టల గంప వైపు గడ్డం ఎత్తి ఏదో అడిగాడు. గౌరవ్వ చెవికి "ఠీక్?" అనే వినిపించింది. యజమాని తన పని సంగతి అడుగుతున్నాడనుకుని పొంగిపోయింది.

"ఠీక్, అర్బాబ్. ఏక్‌దం ఠీక్."

చేతుల రక్తం కడుక్కుందామని నల్లా దగ్గరికి పోయింది. కడుక్కుంటుండగా అరుపులు తగ్గినట్టనిపించింది. ఆ పిల్లలు ఊరకే నోరు మూసుకునే రకం కాదు. వెనక్కి తిరిగి చూస్తే ఇమ్రాన్ బకెట్ బోర్లించుకుని కూర్చుని పెట్టల మెడలు మెలిపెట్టి ఐసుపెట్టెలో విసిరేస్తున్నాడు.

గౌరవ్వ నల్లా పక్కనున్న పార అందుకుని మీద పడింది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది ముక్కు మీద. బకెట్ దొర్లిపోయి ఇమ్రాన్ వెల్లకిలా పడ్డాడు. ఆమె గుండెల మీద మోకాలు పెట్టి మొహం మీద గుద్దింది. అతను ఆమె మణికట్టు పట్టుకుంటే చెయ్యి కొరికింది.

"అర్బాబే చెప్పిండు మౌసీ, అర్బాబే," అని మూలిగాడు.

తారిఖ్ ఫోన్ పారేసి పరుగెత్తుకొచ్చి ఆమెను వెనక్కి లాగాడు.

"నేను దీక్ అని అడిగిన. నువ్వు ఔనన్నవు."

"ఠీక్ అని అడిగినవు. ఠీక్ అన్న."

"దీక్ అంటే అరబ్బీల ముర్గా, మౌసీ," అన్నాడు ఇమ్రాన్, ముక్కు రక్తం మోచేత్తో తుడుచుకుంటూ.

"రోజూ పుంజును ముర్గా అనే నీ నోటికి ఇయ్యాల ఏం రోగం?"

తారిఖ్ గంపలోకి వంగి చూశాడు. గంపలో రెండే పెట్టలు మిగిలాయి. అప్పుడు కూడా ఒకటి ఇంకోదాని నెత్తి పొడుస్తూనే ఉంది.

"ఖలాస్," అన్నాడు. "షెడ్డు మూసేస్తా."

"ఎందుకు మూస్తవు? రెండు పెట్టలున్నయి. మా అమ్మ ఒక్క పెట్టతోని ఊరంత నింపింది. నీ మాట నాకు రాదు, నా మాట నువ్వే నేర్చుకో. ఇది పుంజు. అది పెట్ట. అను."

"బుంజు," అన్నాడు తారిఖ్. అరబ్బుల నోట 'ప' పలకదు. "బెట్ట."

"గదే."

పుంజుల గంప ముందుకు లాక్కుని, దిట్టమైనదాన్ని ఒకదాన్ని తీసి పక్కన బుట్ట కింద మూసింది. ఇంకోదాన్ని కాళ్లు పట్టి అతని మొహానికి ఎదురుగా ఎత్తింది.

"ఏందిది?"

"బుంజు."

మెడ విరిచి పెట్టెలో పడేసింది. ఇంకోటి ఎత్తింది. "ఏందిది?" "బుంజు." అదీ విరిగింది. ఇమ్రాన్ నవ్వబోయి, ఆమె చేతులు చూసి నవ్వు మింగాడు. తారిఖ్ గడ్డం మీద రక్తపు చుక్క పడింది, తుడుచుకోలేదు.

తర్వాత ఆమె చెయ్యి పెట్టల గంపలోకి పోయింది. ఒకదాన్ని తీసి అలాగే తలకిందులుగా ఎత్తి, మెడ చుట్టూ వేళ్లు బిగించింది.

"ఏందిది?"

తారిఖ్ రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "బెట్ట. బెట్ట, గౌరా. వదులు."

షెడ్డు మూసే మాట ఆ నోట మళ్లీ రాలేదు. గౌరవ్వ పెట్టను గంపలోకి వదిలి, ఇంకో పుంజు కాళ్లు పట్టుకుంది.