ఒక్క తప్పు జవాబు

బళ్ళో అందరూ ఆమెను చిన్న టీచరు అనేవారు. హాజరు పట్టీలో మాత్రం ఆయా. పిల్లల ముక్కులు తుడవడం, సుద్దముక్కలు అందించడం, ఏ టీచరైనా సెలవు పెడితే ఆ క్లాసును అల్లరి చేయకుండా కూర్చోబెట్టడం ఆమె పని. కూర్చోబెట్టమంటే ఈవిడ పాఠం చెప్పేసేది. మూడో తరగతి లెక్కల టీచరు కాన్పుకు వెళ్ళి తిరిగి రాకపోయేసరికి, "ఎవరో ఒకరు దొరికేదాకా నువ్వే చూడమ్మా" అన్నాడు పెద్దసారు. ఆ దొరికేదాకా ఏళ్ళ తరబడి సాగింది. పాఠం చెప్పడానికి పనికొచ్చిన మనిషి టీచరు అనిపించుకోవడానికి పనికిరాలేదంటే ఆ పద్ధతికి ఓ దండం పెట్టాలి. శిక్షణ సర్టిఫికెట్టు లేదట మరి!

ఆమె పాఠం తీరే వేరు. తప్పు చెప్పిన పిల్ల దొరికితే చాలు, ఆమె మొహం వెలిగిపోయేది. "అలా ఎందుకనిపించిందో చెప్పు" అంటూ పక్కన చతికిలబడేది. చిన్నప్పుడు ఆమె ఏదో తప్పు చెబితే టీచరుతో సహా క్లాసంతా పగలబడి నవ్వారు. బడి మానేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. తన క్లాసులో ఏ పిల్లకూ ఆ గతి పట్టకూడదని ఆమె పంతం. అయినా ఒక పిల్ల ఉండేది. ఏడాదిగా క్లాసులో పెదవి కదిపిన పాపాన పోలేదు. తోటిపిల్లలు బొమ్మ అని పేరు పెట్టారు.

టీచర్లు కావాలనుకునేవాళ్ళను విదేశానికి తీసుకెళ్ళి, ఏడాదిపాటు చదువు చెప్పించి, సర్టిఫికెట్టిచ్చి పంపే స్కాలర్‌షిప్ ఒకటుందని ఆమెకు వదిన చెప్పింది. వదిన ఇంట్లోనే బట్టలు కుట్టేది. కుట్టించుకోవడానికి వచ్చినావిడ ఎవరో చెబితే మిషను ఆపి మరీ విన్నది. ముప్పై దాటితే తీసుకోరు. ఆమెకు ముప్పై నిండటానికి కొద్ది నెలలే ఉన్నాయి.

"ఈసారి తప్పితే జన్మంతా ముక్కులు తుడుస్తూ ఉండాల్సిందే. వెళ్ళి అడుగు" అంది వదిన.

"నన్నెవరు తీసుకుంటారు వదినా?"

"తీసుకుంటారో లేదో వాళ్ళు చెప్తారులే. నువ్వే ముందుగా చెప్పేస్తావేంటి?"

దరఖాస్తు పెట్టింది. కాళ్ళరిగేలా తిరిగి కావలసినవన్నీ పోగుచేసింది. మొదటి వడపోతలో నెగ్గింది. ఇక మిగిలింది వాళ్ళొచ్చి ఆమె క్లాసు చూడటం. ఆ ఆఫీసునుంచి ఫోనులో మాట్లాడినావిడ దాపరికం లేకుండా చెప్పింది. "పిల్లలు తప్పు చెప్పినప్పుడు మీరేం చేస్తారో చూడాలని వస్తున్నాను. మాకు అదే ముఖ్యం."

ఆ రాత్రి వదినామరదళ్ళిద్దరూ పిచ్చివాళ్ళలా నవ్వుకున్నారు. ఈవిడకు అంతకంటే తేలికైన పరీక్ష ఎక్కడుంటుంది? పాఠం కూడా సిద్ధమే. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడగాలి. మూడుకంటే నాలుగు పెద్దది కదాని క్లాసులో సగంమంది నాలుగో వంతే అంటారు. అప్పుడు ఒకే పొడుగున్న రెండు గుడ్డపేలికలు తీసి, ఒకదాన్ని మూడు ముక్కలు, ఇంకోదాన్ని నాలుగు ముక్కలు పిల్లలచేతే కత్తిరించాలి. మిషను కింద పోగుపడిన వాటిలోంచి ఎర్రదొకటి, నీలందొకటి వదిన ఏరి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది.

కుదురుగా ఉండలేక, ముందురోజు ఆ పాఠాన్ని పక్క సెక్షన్‌లో ఒకసారి చెప్పి చూసుకుంది. అక్కడే కొంప మునిగింది.

మర్నాడు ఆ ఆఫీసునుంచి వచ్చిన, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ వెనక బెంచీలో కూర్చుంది. చిన్న టీచరు గొంతు సవరించుకుని ప్రశ్న అడిగింది. అడగ్గానే క్లాసులో ఉన్న చేతులన్నీ లేచాయి.

"మూడో వంతే పెద్దది టీచర్!" అని ఒక్క గొంతుతో అరిచారు.

ఒక్కరైనా నాలుగో వంతు అనలేదు. ఆమె "ఎందుకు?" అంది.

నోరు మూయదని రేడియో అని పిలుచుకునే పిల్ల టక్కున లేచింది. "పంచుకునేవాళ్ళు ఎక్కువైతే ముక్క చిన్నదైపోతుంది టీచర్. ఇంటికి చుట్టాలు దిగితే దుప్పటి చాలదు చూడండి, అలాగ!" అంది. అచ్చం నిన్న పక్క సెక్షన్‌లో ఆమె చెప్పిన మాటే. దుప్పటి లాక్కుంటున్నట్టు చేతులు తిప్పడంతో సహా దించేసింది. ఎవరో చూడటానికి వస్తున్నారని తెలిసి, తమ టీచరు మాట పడకూడదని నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్క సెక్షన్ వాళ్ళను పట్టుకుని క్లాసు క్లాసంతా బట్టీ వేసేశారు. వాళ్ళను ఏమనగలం? ప్రేమ ఉన్న పిల్లలు చేసే పనే చేశారు.

వెనక బెంచీలో పెద్దావిడ కలం మూత పెట్టేసింది.

అప్పుడు బొమ్మ లేచి నిలబడింది. "మూడో వంతు పెద్దది" అంది. చిన్నదే అయినా స్పష్టమైన గొంతు. క్లాసంతా తలలు తిప్పి చూసింది. ఆ పిల్ల మొహం ఎర్రబడి, కళ్ళు మెరుస్తున్నాయి.

చిన్న టీచరు ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఐదో వంతు, ఆరో వంతు అంటే చాలు, బట్టీ అంతా ఇట్టే కూలిపోతుంది. తప్పు బయటపడుతుంది. గుడ్డపేలికలు బయటికొస్తాయి. విదేశం తీసుకెళ్ళే విమానం కూడా. అడగడానికి నోరు తెరిచింది. కానీ నిలబడి ఉన్నది బొమ్మ. ఇంకెవర్ని అడిగినా ఆ పిల్ల మాట కూడా బట్టీదేనని తేలిపోతుంది. ఏడాది తర్వాత పెదవి విప్పిన పిల్లను, కొత్త మనిషి ఎదుట, మొదటి మాటకే తడబడేలా చేయడమా? అది ఆమెవల్ల కాలేదు.

"శభాష్ తల్లీ. కూర్చో" అంది.

మిగతా క్లాసు ఎలా గడిచిందో ఆమెకే గుర్తులేదు.

వారం తిరక్కుండానే ఫోనొచ్చింది. పెద్దావిడ మర్యాదగానే చెప్పింది. "పిల్లల్ని బాగా తయారుచేశారండీ. కానీ నాకు పాఠం కనబడలేదు." చిన్న టీచరు జరిగింది చెప్పాలంటే పిల్లలమీద చెప్పాలి. "సరేనండీ" అని పెట్టేసింది. ఆ కబురు విని వదిన మిషను ముందు కూర్చుని భోరుమంది. ఈమెకు మాత్రం ఏడుపు రాలేదు. రానందుకే భయమేసింది.

మర్నాడు బడి వదిలాక బెంచీలు సర్దుతుంటే బొమ్మ గుమ్మంలో కనబడింది.

"మీరు ఎప్పుడు వెళ్తున్నారు టీచర్?"

"వెళ్ళట్లేదమ్మా."

"నేను తప్పు చెప్పానా?"

"లేదు తల్లీ. ఒప్పే చెప్పావు. నేనే ప్రశ్న సరిగా అడగలేదు."

ఆ పిల్ల గుసగుసగా, "ఎందుకు పెద్దదో నాకు తెలీదు టీచర్. రేడియో చెప్పమంటే చెప్పాను. నాకైతే నాలుగే పెద్దదనిపిస్తుంది" అంది.

చిన్న టీచరు ఎదురుచూసిన తప్పు జవాబు ఇదే. సంచీలోంచి ఎర్ర పేలికా నీలం పేలికా తీసి బల్లమీద పరిచింది. ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. కత్తెర ఆ పిల్ల చేతికిచ్చి పక్కన చతికిలబడింది.

"అలా ఎందుకనిపించిందో చెప్పు" అంది.

బొమ్మ చెప్పింది. తర్వాత నాలుక బయటపెట్టి జాగ్రత్తగా ఎర్రదాన్ని మూడు చేసింది, నీలందాన్ని నాలుగు చేసింది. ఒక్కో ముక్క తీసి పక్కపక్కన పెట్టింది. చూసింది. మళ్ళీ చూసింది. "అయ్యో, ఇదే పెద్దది!" అని పకపకా నవ్వింది.

చిన్న టీచరు తల ఎత్తి ఖాళీగా ఉన్న వెనక బెంచీ వైపు చూసింది. అప్పుడొచ్చింది ఏడుపు.