వడమాలపేట ఎప్పుడు దాటాం?

పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, అది తనంతట తానే ఒక ఫొటో బయటికి తీసి, మూడేళ్ల కిందట ఇదే రోజని గుర్తుచేసింది. మెడలో బంతిపూల దండలు వేసుకుని, దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతో, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ముగ్గురు మగవాళ్లు. ఎడమ పక్కన మా బావ, కుడి పక్కన తమ్ముడు, అంటే మా పిన్నమ్మ కొడుకు, నడుమ నేను. ఈ ఫోన్లకు ఎవరు నేర్పారో గానీ, ఏది గుర్తుచేయాలో ఏది చేయకూడదో బొత్తిగా తెలియదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా చేతిలో ఏముందో చూసి లోపలికి వెళ్లిపోయింది.

బావంటే మా ఆవిడకు అన్న, అంతకుముందే నాకు బళ్లో జతగాడు. తిరుపతిలో డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు ఆయన చెప్పే పాఠం ఒకటే: "స్టీరింగు ఎవురైనా తిప్పుతారప్పా, కండ్లు తిప్పేదే డ్రైవింగు." తమ్ముడికి చిత్తూరులో మామిడికాయల మండీ. సీజనులో రెండు నెలలు కంటిమీద కునుకు లేకుండా పనిచేసి, మిగతా పది నెలలూ ఆ నిద్ర బాకీ తీర్చుకుంటాడు. నేను పుత్తూరులో ఇరవై రెండేళ్లు పంతులుగా పనిచేశాను. రోజూ తిరుపతి నుంచి మోటారు సైకిలు మీదే పోయి రావడం. ఆ రోడ్డులో ఏ గుంత ఏ ఏడాది పడిందో, ఎప్పుడు పూడ్చారో అడిగితే నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. అదొక గొప్ప అనుకునేవాణ్ణి.

ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి కిలోమీటర్లు బండి తోలితే సర్టిఫికెట్ ఇచ్చే సంఘం ఒకటుందని పట్టుకొచ్చినవాడు తమ్ముడు. తిరుపతిలో పొద్దున బయల్దేరి చిత్తూరు, వేలూరు, సేలం, తిరుచ్చి, చెన్నై, పుత్తూరు చుట్టి మళ్లీ పొద్దునకల్లా తిరుపతి చేరాలి. దారిలో పెట్రోలు బంకుల చీటీలే సాక్ష్యం. "యాభై దాటినాక ఎవురైనా కొండకు నడిసి పోతారు. మీకేం పొయ్యేకాలం?" అంది మా ఆవిడ. ఆ మాట అంటూనే నిమ్మకాయలు తెచ్చి మూడు బండ్ల చక్రాల కింద పెట్టింది.

డ్రైవింగ్ స్కూలు వాడు కాబట్టి రూల్సన్నీ బావవే. ముందు తమ్ముడు, నడుమ నేను, వెనక తను. తన హెల్మెట్ మీద చిన్న కెమెరా. అరగంటకోసారి ఆయన వెనకనుంచి రెండుసార్లు హారన్ కొట్టాలి, నేను రెండుసార్లు బదులు కొట్టాలి. బదులు రాలేదంటే మనిషి తూగుతున్నట్టు, వెంటనే బండి ఆపించాలి. అన్నిటికన్నా పెద్ద రూలు, పుత్తూరు చేరాక ఎంత తొందరున్నా అరగంట పడుకోవాలి. చివరి మజిలీలోనే ప్రమాదాలు జరుగుతాయని ఆయన ఎక్కడో చదివాడట.

వేలూరు ఎండకు హెల్మెట్ లోపల తల ఉడికింది. తిరుచ్చి దగ్గర దోసెలు తింటూ తమ్ముడు తినడం మరిచిపోయి ప్లేటు వంక చూస్తూ కూర్చున్నాడు. చెన్నై వచ్చేసరికి నా నడుము నాది కాదని తేలిపోయింది. అయినా ముగ్గురం క్షేమంగా, మర్నాడు పొద్దున ఆరున్నరకు పుత్తూరు చేరి టీ అంగడి ముందు దిగాం. నేను రోజూ టీ తాగిన అంగడే. బెంచీ ఖాళీగా ఉంది. బావ దాని వైపు ఆశగా చూశాడు.

"పడుకుందామా బావా?" అన్నాడు.

"ఇంటికాడికి వచ్చేసి ఈడ పడుకునేదేంది? ఇది నా రోడ్డు బావా. కండ్లు మూసుకోని పోతా," అన్నాను నేను.

ఆ మాట నాదే. ఇంకెవరి మీదా తోయలేను. తమ్ముడప్పటికే బండి తీసి ముందు పోయాడు. మేమిద్దరం వెనక బయల్దేరాం. పుత్తూరు పొలిమేరలో పాలబండి ఒకటి దాటడం గుర్తుంది. ఆ తర్వాత నాకు గుర్తున్నది తిరుపతిలో మావాళ్లు దండలతో నిలబడి ఉండటం. మా ఆవిడ దిష్టి తీసింది. "వడమాలపేట ఎప్పుడు దాటాం?" అని నేనడిగితే అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నా బండి లెగ్‌గార్డుకు మూరెడు కనకాంబరాల దండ చుట్టుకుని ఉంది. వడమాలపేట ముందర కనుమలో అమ్మవారి గుడి ఉంది కదా, అక్కడి పూలే గాలికి తగులుకున్నాయనుకుని, మా ఆవిడ ఆ దండను జాగ్రత్తగా విడదీసి, కళ్లకద్దుకుని, జడలో పెట్టుకుంది.

ఇంత నిద్రపోయి లేచి, సాయంత్రం నాలుగింటికి అందరం బావ ఇంట్లో టీవీ ముందు చేరాం. కెమెరాలోదంతా వేసి చూడాలని ఉబలాటం. చెన్నై అయింది, పుత్తూరు అయింది. తెరమీద నా వీపు, నా బండి. కనుమ వచ్చింది. ఆ దారిన పోయే ఏ డ్రైవరైనా అమ్మవారికి హారన్‌తో దండం పెట్టి పోతాడు. బావ హారన్ రెండుసార్లు మోగింది, వెంటనే నాదీ రెండుసార్లు మోగింది. "సూడు, ఎంత అలిసిపోయినా అమ్మవారిని మరసలేదు," అని మా ఆవిడ మురిసిపోయింది.

తర్వాత వడమాలపేట. రోడ్డు వారన తలమీద పూలగంపతో ఒకావిడ నడిచి వస్తోంది. నా బండి మెల్లగా ఆమె వైపు జరగసాగింది. మామూలు కంటే వేగంగా కూడా లేదు. వంగింది లేదు, బ్రేకు లైటు వెలగలేదు. నేరుగా ఆమె మీదికే. చివరి క్షణంలో ఆమె గుంతలోకి దూకింది. గంప నా బండి ముందు పడింది, పూలమీదుగా చక్రం పోయింది. బండి కంకరలో కుదుపు తిని మళ్లీ రోడ్డెక్కి, ఏమీ జరగనట్టు సాగిపోయింది.

నేను మనిషిని చంపబోయాను, ఆ సంగతి నాకు తెలియదు. తిరిగొచ్చి దండలు వేయించుకుని ఇడ్లీలు తిన్నాను. మా ఆవిడ చెయ్యి మెల్లగా జడ దగ్గరికి పోయింది. ఆ మూరెడు పూలూ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, అరచేతిలోనే పట్టుకుని కూర్చుంది. తర్వాత వాళ్లన్న వైపు తిరిగి, "నువ్వెందుకన్నా ఆపలేదు? ఆడమనిషి పడిపోతే నీ తల గూడా పక్కకు తిరగలేదే!" అంది. కెమెరా ఉన్నది ఆయన హెల్మెట్ మీద. తెరమీద దాని చూపు వెంట్రుకవాసి పక్కకు తిరగలేదు. బావ మొహం తెల్లబోయింది. తనూ ఆ మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు. కనుమలో ఆయన హారన్ అమ్మవారికి కొట్టాడు, నేనూ అమ్మవారికే కొట్టాను, ఇద్దరివీ అలవాటు పడిన చేతులు. మెలకువగా ఉన్నది ఆ కెమెరా ఒక్కటే.

పెట్రోలు చీటీలు ఆ సంఘానికి పంపలేదు. మర్నాడే వెళ్లి ఉండాల్సింది. సిగ్గో భయమో నాలుగు రోజులు ఇల్లు కదలనివ్వలేదు. అయిదోరోజు బావా నేనూ బస్సెక్కి వడమాలపేటలో దిగాం. పూలమ్మే ఆవిణ్ణి కనుక్కోవడం కష్టం కాలేదు. అరవై దాటిన మనిషి, మోచేతికి కట్టు, అరుగుమీద కూర్చుని పూలు కడుతోంది. చెప్పాల్సింది చెప్పాను. తూగిపోయాను తల్లీ, ఒళ్లు తెలియలేదు అన్నాను. ఆమె చేతిలో దారం ఆగింది.

"నిద్రపోయినావా? కండ్లు తెరుసుకోనే ఉంటివి కదా నాయనా. హెల్మెట్టు అద్దం పైకెత్తుకోని నా మొగంలోకి సూస్తా వచ్చినావు. సూసినోడు పక్కకు తిప్పకుండా పోతాడా అనే నేను కదలకుండా ఉండిపోయింది."

వీడియోలో నా వీపే కనబడింది గానీ నా మొహం కనబడలేదు.

"ముక్కూ మొగం ఎరగనోడికి నా మీద అంత పగ ఏంటికబ్బా అని నాలుగు దినాలు ముద్ద దిగలా," అంది ఆమె. దెబ్బ గురించి అడిగితే చెయ్యి ఊపేసింది. ఆసుపత్రికి పోదాం రమ్మంటే వినలేదు. కాసేపటికి, "ఇట్ల వెలుతురులోకి రా, ఒగసారి మొగం సూడనీ," అంది. వెళ్లి ఆమె ముందు నేలమీద కూర్చున్నాను. చాలాసేపు చూసింది.

"ఆ పొద్దు వచ్చింది ఈ మొగం కాదులే," అని మళ్లీ దారం అందుకుంది.

ఆ తర్వాత నేను బండి తోలలేదు. ఫోనులోని ఫొటో తీసేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ తీయలేదు. బతికిన కాలమంతా మన జ్ఞాపకంలోనే ఉంటుందనుకుంటాం. నా బతుకులో కొన్ని నిమిషాలు మాత్రం వడమాలపేటలో పూలు కట్టుకునే ఆవిడ దగ్గర ఉన్నాయి, నేను ఎంత వెనక్కి పోయి వెతికినా అక్కడ నేను లేను.