కడిగి ఇచ్చిన బోటి

తెలంగాణ రావడానికి ముందటి ఎండాకాలం గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసంతా వాంతులు, విరేచనాలు. నా భార్యకు మరీ ఎక్కువ. దవాఖానలో సెలైన్ ఎక్కించి పంపితే కొన్నాళ్లకే మళ్లీ మంచాన పడింది. ఏం తిన్నారని డాక్టరమ్మ అడిగితే ఆదివారం బోటి అన్నాను. మేక కడుపు, పేగులు. మా దగ్గర ఆదివారం బోటి తినకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. తింటే బాగుండదని అప్పుడే తెలిసింది.

ఆ బోటి నా భార్య అన్న, అంటే మా బావ మటన్ దుకాణంలోది. చెల్లెలి వాటా అని వారం వారం పంపిస్తాడు. మా వరుసలో మిగతావాళ్లు కొనేదీ అక్కడే.

పశువుల డాక్టరును అడిగాను. కొన్ని రకాల బాక్టీరియా మేక కడుపులో హాయిగా బతుకుతుందట, మేకకు ఏమీ కాదట. కోసేటప్పుడు ఆ పేడ మాంసానికి, కత్తికి అంటితే మనుషులు పడిపోతారట. ఉడికిస్తే చస్తుంది, కానీ అదే కత్తితో పచ్చి ఉల్లిగడ్డ కోస్తే ఉడికించి ఏం లాభం అన్నాడు. గని పనివాళ్లం, బొగ్గు బాయిలోకి దిగేముందు గ్యాస్ ఉందా అని చూస్తాం. కడుపులోకి దించేముందు మాత్రం ఏమీ చూడం.

పరీక్షకు పంపుతానని ఆయన ఒక డబ్బా ఇచ్చాడు. మేకను కోయగానే కడుపులో ఉన్నది ఉన్నట్టు అందులో వేయమన్నాడు. నాకు ఆదివారం డ్యూటీ పడింది. డబ్బా బావకు అప్పగించాను.

ఏమీ లేదని ఫలితం వచ్చింది. సాయంత్రం దుకాణానికి పోతే బావ గిరాకీలకు చెబుతున్నాడు.

"మన బోటి సర్కారు పరీక్షల పాసైంది."

"డబ్బాల ఏమేసినవ్ బావ?"

"బోటి ముక్కలు. సున్నం రాసి, వేడినీళ్లతోని కడిగి, తెల్లగ చేసి ఇచ్చిన."

"ఉన్నది ఉన్నట్టు ఇయ్యమన్నడు గద, పేడతోని."

"అంత పెద్ద సారుకు పేడ ఇస్తమా? ఇజ్జత్ ఏం గావాలె?"

"మరి అమ్మేది గట్లనే కడుగుతున్నవా?"

"గిరాకీ మీద గంత టైమేడిది? ఒక్క బకెట్ల ముంచుడే."

"అంటే సారుకు కడిగింది, చెల్లెకు కడగంది."

కొనడానికి నిలబడ్డవాళ్లు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

"ఇంకోపారి ఇద్దాం బావ."

"పాసైనోడు మల్ల పరీక్ష రాస్తడా? ఏడో తరగతి ఫేలైనోనివి, నువ్వే మల్ల రాయకపోతివి."

పశువుల డాక్టరు దగ్గరికి మళ్లీ పోయాను. ఆయన తల పట్టుకున్నాడు. దుకాణం నుంచి బలవంతంగా నమూనా తీసుకునే అధికారం తనకు లేదన్నాడు.

ఆదివారం మళ్లీ బోటి సంచి వచ్చింది. తిప్పి పంపుదామన్నాను.

"అన్న పంపింది వాపస్ చేస్తే పుట్టింటికి ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అంది నా భార్య, లేచి కూర్చోలేకుండానే.

బొగ్గుల పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, సంచి విప్పి కడిగాను. కత్తిని కూడా మరిగే నీళ్లలో వేశాను. మా ఇంటి వరకు అది చేయగలను. పక్కింట్లో అప్పటికే ఉల్లిగడ్డ కోస్తున్న చప్పుడు. పాసైంది కదా అని ఈ వారం వాళ్లు ఒకటికి రెండు కిలోలు తెచ్చుకున్నారు.